డాలు మీది బొమ్మ, కర్ర మీది రంగు: రాజచిహ్నాలనూ దేశ జెండాలనూ చదివే పద్ధతి

ఎరుపంటే త్యాగం, తెలుపంటే శాంతి, ఆకుపచ్చ అంటే పంటపొలాలు. ఏ దేశపు జెండా గురించి అడిగినా ఈ పట్టికనే అటూ ఇటూ మార్చి అప్పజెబుతుంటారు. బ్రెజిల్ జెండాలో ఆకుపచ్చ అడవులకూ, పసుపు బంగారానికీ గుర్తని చెప్పడం అలాంటిదే. 1822లో ఆ రంగులు ఎంచినప్పటి లెక్క వేరు. ఆకుపచ్చ చక్రవర్తి మొదటి పెద్రో పుట్టిన బ్రగాంజా వంశానిది. పసుపు ఆయన భార్య లియోపోల్దినా పుట్టింటిది, అంటే ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశానిది. 1889లో రాచరికం పోయింది, రంగులు మాత్రం నిలిచాయి. రాజే లేనప్పుడు రాజవంశం పేరు చెప్పుకోవడం కుదరదు కనుక అడవులూ బంగారమూ వచ్చి ఆ ఖాళీలో కూర్చున్నాయి.

ఇది ఒక్క బ్రెజిల్ సంగతి కాదు. రాజచిహ్నాల్లోనూ జెండాల్లోనూ ముందు రూపం పుడుతుంది. ఒక హక్కును చాటడానికో, దూరం నుంచి గుర్తుపట్టడానికో, పాత ప్రభువుతో తెగతెంపులు చేసుకోవడానికో పుడుతుంది. అర్థాలు చాలాసార్లు ఆ తర్వాత వచ్చి చేరతాయి. అందుకే ‘ఈ రంగుకు అర్థమేమిటి’ అన్న ప్రశ్నతో మొదలుపెడితే తప్పుదారే. ‘ఇది ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఎవరికి ఏం చెప్పడానికి పెట్టారు’ అని మొదలుపెడితే దాదాపు ప్రతి చిహ్నమూ నోరు విప్పుతుంది.

డాలు ఆస్తిగా మారిన వేళ

యూరప్‌లో వంశచిహ్నాల పద్ధతి, అంటే హెరాల్డ్రీ, 12వ శతాబ్దంలో రూపు కట్టింది. అంతకుముందు డాళ్ల మీద బొమ్మలు లేవని కాదు. గ్రీకు యోధుల డాళ్ల మీద ఉండేవి, రోమన్ దళాల డాళ్ల మీదా ఉండేవి. కొత్తగా వచ్చింది వారసత్వం. తండ్రి డాలు మీది బొమ్మ కొడుక్కీ మనవడికీ ఆస్తిగా సంక్రమించడం అప్పుడే మొదలైంది. ఆంజూ ప్రభువు జెఫ్రీ 1151లో చనిపోయాడు. ఆయన సమాధి కోసం చేయించిన ఎనామెల్ ఫలకం ఫ్రాన్స్‌లోని లె మాన్ నగరంలో ఉంది. అందులో ఆయన పట్టుకున్న నీలం డాలు మీద బంగారు సింహాలున్నాయి. ఆయన మనవడు విలియం లాంగెస్పే సమాధి ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ కెథడ్రల్‌లో ఉంది. ఆ డాలు మీదా అవే సింహాలు. వంశచిహ్నం తాత నుంచి మనవడికి చేరిందనడానికి చరిత్రకారులు ముందుగా చూపించే ఆధారాల్లో ఇదొకటి.

ముఖం పూర్తిగా కప్పేసే శిరస్త్రాణం వల్ల యోధుల్ని గుర్తుపట్టలేక ఈ పద్ధతి వచ్చిందని ఎక్కువగా చెబుతారు. అందులో నిజం సగమే. కత్తి పట్టని రాణులకూ, బిషప్పులకూ, పట్టణాలకూ కూడా ఇవే చిహ్నాలు ఉండేవి. యుద్ధభూమి కన్నా మైనపు ముద్రే దీన్ని ఎక్కువగా వ్యాపింపజేసింది. సంతకం పెట్టడం రాని కాలంలో పత్రం కింద వేలాడే ముద్రే పూచీ. ముద్ర మీది బొమ్మ మారితే పత్రం మీదే అనుమానం. కాబట్టి బొమ్మ స్థిరంగా ఉండాల్సి వచ్చింది.

పూర్తి రాజచిహ్నంలో చాలా సామగ్రి ఉంటుంది. నడుమ డాలు, దాని పైన శిరస్త్రాణం, దాని మీద రెండు రంగుల గుడ్డ మెలిపెట్టిన చుట్ట, ఆ చుట్ట మీద నిలిచే చిన్న బొమ్మ క్రెస్ట్. శిరస్త్రాణం వెనక నుంచి ఇరువైపులా చీలికలు పీలికలుగా వేలాడే గుడ్డను మాంట్లింగ్ అంటారు. డాలును రెండు పక్కలా పట్టుకుని నిలిచే మృగాలో మనుషులో సపోర్టర్లు. కింద పట్టీ మీద నినాదం. వీటిలో డాలు తప్ప ఏది తీసేసినా చిహ్నం చిహ్నమే. మొత్తం చిహ్నాన్ని ‘క్రెస్ట్’ అని పిలవడం పత్రికల్లో రోజూ కనిపించే పొరపాటు. క్రెస్ట్ అంటే నెత్తి మీద ఉండే ఆ ఒక్క ముక్క మాత్రమే.

కుడి ఎడమల దగ్గర మరో చిక్కు. హెరాల్డ్రీలో కుడి అంటే చూసేవాడి కుడి కాదు, డాలు వెనక నిల్చుని దాన్ని పట్టుకున్నవాడి కుడి. అంటే మనకు ఎడమగా కనిపించేది. గౌరవస్థానం అదే. బ్రిటన్ రాజచిహ్నంలో సింహం మనకు ఎడమ పక్కన, యూనికార్న్ కుడి పక్కన ఉంటాయి. అదే రాజుగారి చిహ్నాన్ని స్కాట్లాండ్‌లో వాడేటప్పుడు యూనికార్న్ గౌరవస్థానానికి మారుతుంది. నాలుగు గడులుగా చీలిన డాలులో కూడా ఇంగ్లండ్ సింహాల బదులు స్కాట్లాండ్ ఎర్ర సింహం మొదటి గడికీ నాలుగో గడికీ వస్తుంది. ఒకే రాజు, ఒకే కిరీటం. ఎవరి గడ్డ మీద ఎవరు ముందు అన్నది మాత్రం సరిహద్దు దాటగానే మారిపోతుంది.

రెండు లోహాలు, ఐదు రంగులు

హెరాల్డ్రీ రంగుల పెట్టె చాలా చిన్నది. లోహాలు రెండు: పసుపుగా వేసే బంగారం, తెలుపుగా వేసే వెండి. రంగులు ఐదు: ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, అరుదుగా ఊదా. వీటికి తోడు రెండు బొచ్చు నమూనాలు. తెల్లటి నేల మీద చిన్న తోకల్లాంటి నల్లటి మచ్చలుండేది ఎర్మిన్, నీలం తెలుపు గంటల వరసలా ఉండేది వెయిర్.

నియమం ఒక్కటే ఉంది, కానీ గట్టిది. లోహం మీద లోహం పెట్టకూడదు, రంగు మీద రంగు పెట్టకూడదు. ఎర్ర నేల మీద బంగారు సింహం సరే. ఎర్ర నేల మీద నీలి సింహం కుదరదు. కారణం కేవలం చూపు. లేతది ముదురుదాని మీదా, ముదురుది లేతదాని మీదా ఉంటేనే దూరానికి ఆనుతుంది. గోళ్లు, నాలుక లాంటి చిన్న వివరాలకూ, బొచ్చు నమూనాలకూ, ఒకదాని పక్కన ఒకటిగా చీల్చిన నేలలకూ ఈ నియమం వర్తించదు.

దీన్ని ఉల్లంఘించిన పేరున్న ఉదాహరణ జెరూసలేం క్రైస్తవ రాజ్యపు డాలు. వెండి మీద బంగారు శిలువలు. అంత పవిత్రమైన చోటికి మామూలు నియమం చెల్లదని చాటడానికే అలా పెట్టారని వివరణ. నియమం తెలిసినవాడే ఆ ఉల్లంఘనలోని గొప్పను గుర్తించగలడు. తెలియనివాడికి అది సరిగా కనపడని బొమ్మ మాత్రమే.

జెండాల్లో ఈ నియమం ఎంత పనికొస్తుందో బ్రిటన్ జెండా చూస్తే తెలుస్తుంది. 1606లో ఇంగ్లండ్ ఎర్ర శిలువను స్కాట్లాండ్ నీలి నేల మీద పెట్టాల్సి వచ్చింది. రంగు మీద రంగు కనుక మధ్యలో సన్నని తెల్ల అంచు దూర్చారు. ఆ తెలుపుకు ప్రత్యేకంగా ఏ అర్థమూ లేదు, అది లోహపు పట్టీ. మరోవైపు అల్బేనియా జెండాలో ఎరుపు మీద నల్ల గద్ద, బంగ్లాదేశ్ జెండాలో ఆకుపచ్చ మీద ఎర్ర వృత్తం. రెండూ రంగు మీద రంగే. ఎండలో, దగ్గరగా చూస్తే అద్భుతంగా ఉంటాయి. నలుపు తెలుపుల్లో ముద్రించి చూడండి, ఎర్ర వృత్తం నేలలో దాదాపు కలిసిపోతుంది.

ముద్రణ వచ్చాక రంగు లేని పేజీల మీద రంగు చూపించే అవసరం వచ్చింది. 17వ శతాబ్దంలో జెసూట్ మతగురువు సిల్వెస్టర్ పెట్రా సాంక్టా ప్రచారంలోకి తెచ్చిన గీతల పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. చుక్కలుంటే బంగారం, ఖాళీగా ఉంటే వెండి, నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం, నిలువూ అడ్డమూ కలిసిన జాలీ నలుపు, ఏటవాలు గీతలు ఆకుపచ్చ. పాత నాణేల మీదా, రాతి చెక్కడాల మీదా డాలు నిండా గీతలు కనిపిస్తే అవి అలంకారం అనుకుని వదిలేయకండి. అక్కడ రంగులు రాసి ఉన్నాయి.

డాలుకు మాటే చట్టం

రాజచిహ్నానికి అసలు ప్రతి అంటూ ఒక బొమ్మ ఉండదు. ఉండేది ఒక వాక్యం. దాన్ని బ్లేజన్ అంటారు. ముందు నేల రంగు, తర్వాత దాని మీది ముఖ్యమైన బొమ్మ, దాని భంగిమ, దాని రంగు, తర్వాత చిన్న వివరాలు. ‘ఎర్ర నేల, మూడు సింహాలు ఒకదాని కింద ఒకటి, నడుస్తూ ముఖం మనవైపు తిప్పినవి, బంగారువి, నీలి గోళ్లూ నాలుకతో’ అంటే ఇంగ్లండ్ డాలు. ఇది విన్న వంద మంది చిత్రకారులు వంద రకాల సింహాలు గీసినా అన్నీ చట్టబద్ధమే. సింహం బక్కగా ఉందా, జూలు ఉంగరాలు తిరిగిందా అన్నది ఎవరికీ పట్టదు. నడవాల్సిన సింహం వెనక కాళ్ల మీద లేచి నిలబడితే మాత్రం అది వేరొకరి చిహ్నం.

ఈ వాక్యాల విలువెంతో 14వ శతాబ్దపు ఒక వ్యాజ్యం చెబుతుంది. 1385లో ఇంగ్లండ్ రాజు రెండో రిచర్డ్ స్కాట్లాండ్ మీదికి దండెత్తినప్పుడు రిచర్డ్ స్క్రోప్, రాబర్ట్ గ్రోవ్‌నర్ అనే ఇద్దరు నీలం నేల మీద ఒకే బంగారు ఏటవాలు పట్టీతో వచ్చారు. తగవు వీరుల న్యాయస్థానానికి ఎక్కింది. వందలాది సాక్షుల్ని విచారించారు, వాళ్లలో కవి జెఫ్రీ చాసర్ ఒకడు. ఏళ్ల తర్వాత తీర్పు స్క్రోప్ వైపు వచ్చింది. చుట్టూ వెండి అంచు చేర్చుకుని అదే పట్టీ వాడుకోమని గ్రోవ్‌నర్‌కు సూచిస్తే ఆయన ఒప్పుకోలేదు, రాజు దగ్గరికి వెళ్లాడు. 1390లో రాజు ఆ అవకాశం కూడా తీసేశాడు. గ్రోవ్‌నర్ వంశం చివరికి నీలం మీద బంగారు గోధుమ పనతో సరిపెట్టుకుంది.

గడి గడికీ ఒక దావా

రాజుల డాళ్లు గడులు గడులుగా ఎందుకు చీలి ఉంటాయి? ఒక్కో గడి ఒక్కో రాజ్యం మీద హక్కు. డాలును ఆస్తి దస్తావేజులా చదవాలి. వచ్చిన భూములూ, రావలసిన భూములూ, పోయినా వదులుకోని భూములూ అన్నీ అందులో ఉంటాయి.

1340లో ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ ఫ్రాన్స్ సింహాసనం తనదేనని ప్రకటించి, ఫ్రాన్స్ లిల్లీపూలను తన డాలులో చేర్చాడు. ఎక్కడ చేర్చాడన్నది చూడాలి. మొదటి గడిలోనూ నాలుగో గడిలోనూ, అంటే తన సొంత సింహాల కన్నా గౌరవమైన చోట. దావా ఎంత గట్టిదో ఆ స్థానమే చెబుతుంది. తర్వాత ఫ్రాన్స్ రాజు అయిదో చార్లెస్ నేల నిండా చల్లినట్టుండే లిల్లీల్ని మూడుకు కుదించాడు. కొన్నేళ్లకు ఇంగ్లండ్ రాజు కూడా మూడే పెట్టుకున్నాడు. మీ చిహ్నం మారితే మాదీ మారుతుంది, ఎందుకంటే అది మాదే. ఫ్రాన్స్‌లో ఇంగ్లండ్ ఏలుబడి ముగిసిపోయిన ఎన్నో తరాల తర్వాత, 1801లో గానీ ఆ లిల్లీలు ఇంగ్లండ్ డాలు నుంచి దిగలేదు.

హానోవర్ కథ దీనికి తిరగేసినది. 1714లో హానోవర్ పాలకుడు మొదటి జార్జ్ పేరుతో బ్రిటన్ రాజయ్యాక ఆ జర్మన్ రాజ్యపు గుర్తులు డాలులోకి వచ్చాయి. 1837లో విక్టోరియా గద్దెనెక్కింది. హానోవర్ చట్టంలో స్త్రీకి సింహాసనం లేదు, కనుక ఆ రాజ్యం ఆమె బాబాయికి పోయింది, ఆ గుర్తులు డాలు నుంచి పోయాయి. 1801 నుంచి అవి నడుమ ఒక చిన్న డాలులో ఉండేవి కనుక, 19వ శతాబ్దపు రాజచిహ్నం 1837కు ముందుదో తర్వాతిదో తేల్చడానికి ఆ చిన్న డాలు ఉందా లేదా అని చూస్తే చాలు.

స్పెయిన్ రాజచిహ్నం పాఠం చెప్పడానికే గీసినట్టుంటుంది. కాస్తీల్‌కు కోట, లెయోన్‌కు సింహం, అరగాన్‌కు బంగారం మీద నాలుగు ఎర్ర నిలువు పట్టీలు, నవార్‌కు గొలుసులు, కింద మొనలో గ్రనాడాకు దానిమ్మ పండు. నడుమ చిన్న డాలులో మూడు లిల్లీలు, అంటే ఇప్పటి రాజవంశం బూర్బన్‌లది. పెద్ద డాలు దేశాన్ని చెబుతుంది, చిన్న డాలు ఏలే ఇంటిని చెబుతుంది. రాజవంశం మారితే మారేది నడుమ ముక్కే. ఇరువైపులా ఉన్న స్తంభాలు జిబ్రాల్టర్ జలసంధికి గుర్తు. వాటి మీది పట్టీల్లో ‘ఇంకా ఆవలికి’ అని లాటిన్‌లో ఉంటుంది. అది అట్లాంటిక్ దాటి సామ్రాజ్యం కట్టిన స్పెయిన్ రాజు, అయిదో చార్లెస్ చక్రవర్తి నినాదం (ఇందాకటి ఫ్రాన్స్ రాజు వేరు).

మూడు కిరీటాల గొడవ ఈ దావాలు ఎంత దూరం పోతాయో చూపిస్తుంది. అది స్వీడన్ గుర్తు. డెన్మార్క్ రాజు కూడా తన డాలులో పెట్టుకున్నాడు. 1563 నుంచి 1570 వరకు ఆ రెండు రాజ్యాల మధ్య సాగిన యుద్ధానికి కారణాల్లో ఇదీ ఒకటి. అంత జరిగినా డెన్మార్క్ ఆ కిరీటాల్ని వదల్లేదు. పదో ఫ్రెడరిక్ రాజు 2024 డిసెంబర్‌లో ఖరారు చేసిన కొత్త చిహ్నంలో మాత్రం అవి లేవు. ఇంతకాలం వాటితో ఒకే గడిని పంచుకున్న గ్రీన్‌లాండ్ ధ్రువపు ఎలుగుబంటికీ, ఫారో దీవుల పొట్టేలుకూ చెరో పూర్తి గడి దక్కింది. గ్రీన్‌లాండ్ ఎవరిదన్న మాట అంతర్జాతీయంగా నలుగుతున్న సమయమది. కాబట్టి దాన్ని కేవలం అలంకారం సర్దుబాటుగా చూడలేం.

సింహం, గద్ద, రెండు తలలు

మృగాల దగ్గర ఎక్కువ సేపు ఆగనవసరం లేదు. సింహం ధైర్యానికి, గద్ద సామ్రాజ్యానికి అన్నంత వరకు అందరికీ తెలిసిందే. అసలు సమాచారం భంగిమలోనూ సంఖ్యలోనూ ఉంటుంది. రెండు తలల గద్ద గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. తూర్పునూ పడమరనూ చూస్తోందన్న వివరణ బాగా వ్యాపించింది. చరిత్ర మాత్రం వేరు. తూర్పు రోమన్ సామ్రాజ్యమైన బైజాంటియం చివరి రాజవంశం దాన్ని వాడింది. పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో 1433లో సిగిస్‌మండ్ చక్రవర్తి అయ్యాక అది చక్రవర్తి గుర్తయింది. ఒక తల గద్ద రాజుది, రెండు తలలది చక్రవర్తిది అన్న తేడా అక్కడ స్థిరపడింది. మాస్కో పాలకుడు మూడో ఇవాన్ బైజాంటియం రాకుమారి సోఫియాను 1472లో పెళ్లాడాడు కనుక గద్ద ఆమె వెంట వచ్చిందని చెబుతారు. కానీ ఆయన ముద్ర మీద అది కనిపించేది 1497లో. మధ్య పాతికేళ్ల ఎడం ఉంది. పుట్టింటి సారె కన్నా, యూరప్ చక్రవర్తితో తాను సమానమని చెప్పుకోవాలన్న పట్టుదలే ఎక్కువ నమ్మశక్యంగా ఉంది.

మైసూరు గండభేరుండం ఈ గద్దకు చుట్టం కాదు, దానికి సొంత పరంపర ఉంది. విజయనగర రాజు అచ్యుతరాయల నాణేల మీద అది కనిపిస్తుంది. డాలు, సపోర్టర్లు, కింద నినాదంతో కూడిన యూరప్ చట్రం మాత్రం ఇక్కడికి బయటి నుంచి వచ్చింది. 1877లో ఢిల్లీ దర్బారులో వైస్రాయ్ లిట్టన్ సంస్థానాధీశులకు చిహ్నాలు చిత్రించిన పట్టు జెండాలు పంచాడు. వాటిని రూపొందించింది రాబర్ట్ టేలర్ అనే అధికారి. సంస్థానాల చిహ్నాల్లో దేశీ బొమ్మలు విలాయతీ చట్రంలో కూర్చుని కనిపించడానికి ముఖ్య కారణం అదే. అన్ని దేశాలకూ డాలు అక్కర్లేదు కూడా. జపాన్ చక్రవర్తిది 16 రేకుల చామంతి. 1950 జనవరి 26న భారత్ స్వీకరించినది సారనాథ్ అశోకస్తంభపు తల. వీటిని హెరాల్డ్రీ వ్యాకరణంతో చదవబోతే దారి తప్పుతాం.

జెండాకు కొలతే చట్టం

డాలును మాటల్లో చెబితే చాలు. జెండాకు అది చాలదు. గుడ్డ కొనాలి, కత్తిరించాలి, ఒకేలా వందలు కుట్టాలి. అందుకే జెండా చట్టాలు అంకెలతో నిండి ఉంటాయి. డెన్మార్క్ జెండా ఎత్తును పై నుంచి 12, 4, 12 పాళ్లుగా విభజించి నడుమ 4 పాళ్లను తెల్ల శిలువకు ఇస్తారు. పొడవులో కర్ర వైపు 12, శిలువ 4, ఎగిరే వైపు 21 పాళ్లు. శిలువ కర్ర వైపు జరిగి ఉండేది అందుకే. భారత జెండాలో పెద్ద సైజు 6300 మిల్లీమీటర్ల పొడవు, 4200 ఎత్తు. దాని మీద చక్రం వ్యాసం 1295. నేపాల్ అయితే తన రెండు త్రికోణాల జెండాను ఎలా గీయాలో రాజ్యాంగంలోనే గీత తర్వాత గీతగా, జ్యామితి లెక్కలా రాసుకుంది.

ఎగిరే జెండా కాగితం మీది జెండాలా కనిపించదు. కర్రకు దూరంగా ఉన్న భాగం ముడతలు పడి కుదించుకుపోతుంది. ఫ్రెంచ్ నౌకాదళపు జెండాలో నీలం, తెలుపు, ఎరుపు పట్టీలు 30, 33, 37 పాళ్లలో ఉంటాయి. కర్ర నుంచి దూరం పెరిగే కొద్దీ వెడల్పు పెంచితేనే సముద్రం మీద మూడూ సమానంగా ఆనుతాయి. బంగ్లాదేశ్ జెండా పొడవును 20 భాగాలు చేస్తే వృత్తం కేంద్రం పదో గీత మీద ఉండదు, కర్ర నుంచి తొమ్మిదో గీత మీద ఉంటుంది. జపాన్ కూడా 1870 నాటి నిబంధనలో సూర్యబింబాన్ని పొడవులో నూరో వంతు కర్ర వైపు జరిపింది. 1999 చట్టంలో దాన్ని సరిగ్గా నడుమకు తెచ్చి, వ్యాసం ఎత్తులో అయిదింట మూడు వంతులని ఖాయం చేసింది. తెర మీద చూసేవాళ్లు పెరిగిన కాలంలో అదే నయమేమో గానీ, గాలిలో పాత కొలతే మెరుగు. కెనడా జెండాలో మేపుల్ ఆకుకు 11 మొనలున్నాయి. వాటికి రహస్యార్థాలు వెతికేవాళ్లు చాలామంది. ఏ అర్థమూ లేదు. మొనలు మరీ ఎక్కువైతే గాలికి అలుక్కుపోయినట్టు కనిపిస్తుందని తగ్గించారు, అంతే.

స్పెయిన్ జెండా పుట్టుక ఈ వాదానికంతా సాక్ష్యం. 18వ శతాబ్దంలో బూర్బన్ రాజవంశపు దేశాలు ఎక్కువగా తెల్ల జెండాలే వాడేవి. సముద్రం మీద ఏది ఎవరి ఓడో తేలేది కాదు. 1785లో మూడో కార్లోస్ పన్నెండు నమూనాలు తెప్పించుకుని చూసి, ఎరుపు, రెట్టింపు వెడల్పు పసుపు, మళ్లీ ఎరుపు ఉన్నదాన్ని నౌకాదళానికి ఖరారు చేశాడు. కావలసింది దూరానికి కనపడటం. అది దేశమంతటికీ జెండా అయింది 1843లో.

డాలుకూ జెండాకూ మధ్య ఇంకో వంతెన ఉంది. డాలు మీది ముఖ్యమైన రంగులే చాలాచోట్ల పట్టీలుగా మారాయి. బెల్జియం నలుపు, పసుపు, ఎరుపు పట్టీలు బ్రబాంట్ డాలు నుంచి వచ్చాయి: నల్ల నేల, బంగారు సింహం, ఎర్ర నాలుకా గోళ్లూ. పోలండ్‌ది ఎర్ర డాలు మీద తెల్ల గద్ద. గద్ద రంగు పైకి, నేల రంగు కిందికి వచ్చి తెలుపు ఎరుపు పట్టీలయ్యాయి.

ఏ జెండా ఎవరిది

ఒక దేశానికి ఒకే జెండా అనుకోవడం వల్ల చాలా గందరగోళం వస్తుంది. పౌరులది ఒకటి, ప్రభుత్వానిది ఒకటి, సైన్యానిది ఒకటి, రాజుది ఒకటి ఉండొచ్చు. ప్రభుత్వపు జెండాకు సాధారణంగా నడుమ రాజ్యచిహ్నం చేరుతుంది, లేదా ఎగిరే అంచు చీలిన తోకలా ఉంటుంది. ఫిన్లండ్‌లో చిహ్నం చేరుతుంది. డెన్మార్క్‌లో తోక చీలుతుంది. జర్మనీలో గద్ద డాలు ఉన్న మూడు రంగుల జెండా ప్రభుత్వ శాఖలది, దాన్ని సొంత ఇంటి మీద ఎగరేయడం కుదరదు. పెరూలో పౌరుల జెండా సాదాగా, ప్రభుత్వపు జెండా చిహ్నంతో ఉంటుంది.

రాజుల జెండా వీటన్నిటికీ భిన్నం. అది డాలునే గుడ్డగా పరిచినట్టుంటుంది, వ్యక్తి ఎక్కడుంటే అక్కడే ఎగురుతుంది. బ్రిటన్ రాజు బకింగ్‌హామ్ భవనంలో ఉన్నప్పుడు ఎగిరేది రాయల్ స్టాండర్డ్. లేనప్పుడు 1997 నుంచి దేశ జెండా ఎగురుతోంది. రాయల్ స్టాండర్డ్‌ను ఎవరు చనిపోయినా సగానికి దించరు. ఒక రాజు పోయిన క్షణంలోనే వారసుడు రాజు కనుక, సింహాసనం ఖాళీ అయిందన్న సూచన ఆ జెండా ఇవ్వకూడదు.

ప్రభుత్వం మారితే జెండా ఏమవుతుంది? జనం ఎక్కువగా జెండాను మార్చరు, దాని మీది చిహ్నాన్ని పీకేస్తారు. 1956లో హంగరీలో, 1989లో రుమేనియాలో తిరుగుబాటుదారులు కమ్యూనిస్టు చిహ్నాన్ని నడుమ నుంచి కత్తిరించి, రంధ్రం ఉన్న జెండాలే పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. రంగులు దేశానివి, చిహ్నం ప్రభుత్వానిది అన్న తేడా వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. కిరీటం కూడా ఇలాగే వస్తూ పోతూ ఉంటుంది. పోలండ్ గద్దకు కమ్యూనిస్టు పాలనలో తీసేసిన కిరీటం 1990లో తిరిగొచ్చింది. అదే ఏడు హంగరీ చిహ్నంలోకి, పైన శిలువ వంగి ఉన్న పాత కిరీటం తిరిగొచ్చింది. 1993లో రష్యా రెండు తలల గద్ద మూడు కిరీటాలతో వెనక్కి వచ్చింది. మూడూ గణతంత్రాలే. ఇక్కడ కిరీటం రాజుది కాదు, సార్వభౌమత్వానిది.

తర్వాత వచ్చి చేరిన అర్థాలు

అమెరికా జెండాలో తెలుపు స్వచ్ఛతకు, ఎరుపు సాహసానికి, నీలం జాగరూకతకు, పట్టుదలకు, న్యాయానికి అంటారు. జెండాను నిర్ణయించిన 1777 తీర్మానంలో రంగుల అర్థాల ఊసే లేదు. ఆ మాటలు 1782లో దేశపు అధికారిక ముద్రను వివరిస్తూ కాంగ్రెస్ కార్యదర్శి చార్ల్స్ థామ్సన్ రాసినవి. ముద్ర గురించి చెప్పింది జెండాకు అంటుకుంది.

ఆస్ట్రియా ఎరుపు, తెలుపు, ఎరుపుకు ఇంకా నాటకీయమైన కథ ఉంది. 1191లో క్రూసేడ్ యుద్ధాల్లో ఏకర్ నగరపు ముట్టడిలో ఆస్ట్రియా ప్రభువు అయిదో లియోపోల్డ్ తెల్ల అంగీ నెత్తుటితో తడిసిందట. నడికట్టు విప్పితే దాని కింద తెల్ల పట్టీ మిగిలిందట. ఆ డాలుకు దొరికే తొలి సాక్ష్యం 1230 నాటి ముద్ర. అప్పటికి లియోపోల్డ్ పోయి మూడు దశాబ్దాలు దాటింది. నెత్తురు తోడు తెచ్చుకునే జెండా కథ వింటే ముందు తేదీ అడగాలి. చాలావాటికి తేదీ ఉండదు.

అర్థం అధికారికంగానే మారిన ఉదాహరణ భారత జెండా. 1921లో విజయవాడలో పింగళి వెంకయ్య గాంధీకి చూపిన నమూనాలో ఎరుపు, ఆకుపచ్చ రెండు ప్రధాన మతాలకు గుర్తులు. గాంధీ సూచనతో తెలుపు, రాట్నం చేరాయి. మతం పేరుతో లెక్క మొదలుపెడితే ఇంకెవరికి ఏ రంగన్న ప్రశ్న తప్పదు, అది వచ్చింది కూడా. 1931లో కాంగ్రెస్ ఎరుపు స్థానంలో కాషాయం పెట్టి, రంగులకు మతపరమైన అర్థం లేదని తీర్మానించింది. 1947 జులై 22న రాజ్యాంగ సభలో రాట్నం పోయి చక్రం వచ్చింది. అందుకు నెహ్రూ చెప్పిన కారణాల్లో ఒకటి పూర్తిగా ఆచరణకు సంబంధించినది. రాట్నానికి ఒక వైపు చక్రం, మరో వైపు కదురు ఉంటాయి, గుడ్డ వెనక నుంచి చూస్తే అది తిరగబడి కనిపిస్తుంది. చక్రం ఎటు చూసినా ఒకటే.

ఆ వెనకవైపు సమస్య మరికొన్ని దేశాలకూ ఉంది. సౌదీ అరేబియా జెండా మీది వాక్యం రెండు వైపులా సరిగ్గా చదవడానికి రావాలి కనుక రెండు గుడ్డలు కలిపి కుడతారు. పవిత్ర వాక్యం ఉంది కనుక దాన్ని సగానికి దించరు. పరాగ్వే దీన్నే సౌకర్యం చేసుకుంది, ముందు ఒక చిహ్నం, వెనక వేరొకటి.

జెండాను నిలువుగా వేలాడదీసేటప్పుడు తప్పులు ఎక్కువ. పక్కకు తిప్పితే చాలనుకుంటారు, అలా చేస్తే పై పట్టీ తప్పు వైపుకు పోవచ్చు. పై అంచు చూసేవాడికి ఎడమ పక్కన రావాలన్నది చాలా దేశాల పద్ధతి. భారత జెండాలో కాషాయం అలాగే రావాలి. అమెరికా జెండాలో నక్షత్రాల గడి కూడా అంతే, అందుకోసం జెండాను తిప్పడమే కాదు, వెనక్కి మళ్లించాలి కూడా. బ్రిటన్ జెండా తలకిందులైందో లేదో తెలియాలంటే కర్ర వైపు పై మూల చూడాలి. అక్కడ ఏటవాలు తెల్ల పట్టీల్లో వెడల్పైనది పైన ఉండాలి, అది స్కాట్లాండ్‌ది. ఫిలిప్పీన్స్ దగ్గర మాత్రం ఈ పొరపాటు సరదా విషయం కాదు. నీలం పైన ఉంటే శాంతి, ఎరుపు పైకి వస్తే యుద్ధం అని అక్కడి చట్టం. పోలండ్ జెండాను తలకిందులు చేస్తే ఇండోనేషియా జెండాలా కనిపిస్తుంది. ఇండోనేషియాకూ మొనాకోకూ కొలతల పాళ్లు తప్ప తేడా లేదు, ఒకటి 2కు 3, రెండోది 4కు 5. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో లీక్టెన్‌స్టైన్, హైతీ జెండాలు పక్కపక్కన చేరేసరికి రెండూ ఒకటేనని తేలింది. మరుసటి ఏడు లీక్టెన్‌స్టైన్ తన నీలి పట్టీ మీద బంగారు కిరీటం కుట్టించింది. దాని పాలకుడు ‘ప్రిన్స్’ బిరుదున్న ప్రభువు కనుక ఆ గుర్తు పెట్టుకునే హక్కు ఎలాగూ ఉంది.